నానక్‌రామ్‌గూడ మంచు ఇన్‌ఛార్జి

మే నెలలో, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్న ఎండలో, మా ఆఫీసువాళ్ళు నన్ను మంచు తుపానుల ఇన్‌ఛార్జిగా వేశారు. నేను వద్దన్నాను. మా దగ్గర ఏ పనైనా వద్దన్నవాళ్ళకే ఇస్తారు. కావాలన్నవాళ్ళకి ప్రమోషన్ ఇస్తారు.

సంగతేమిటంటే, మా హెడ్డాఫీసు ఏడాదిలో సగం కాలం మంచు కురిసే దేశంలో ఉంది. పనిచేసేచోట మనుషుల ఆరోగ్యం, భద్రత చూడాలని అక్కడొక చట్టం ఉంది. మనకీ ఉంది. చట్టం 'క్షేమంగా చూసుకో' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎలా చూసుకోవాలో విడమరిచి చెప్పేందుకు దానికి తోడుగా ఆచరణ నియమావళి అని ఒకటి ఉంటుంది. నిచ్చెన ఎలా వెయ్యాలి, బరువు ఎలా ఎత్తాలి, మంట పుడితే ఎటు పరిగెత్తాలి, అన్నీ అందులో ఉంటాయి. హెడ్డాఫీసువాళ్ళు తమ నియమావళినంతా కట్టగట్టి అన్ని దేశాల్లోని బ్రాంచీలకీ పంపారు. దాంతోపాటు కంప్యూటర్లో ఒక పట్టిక పెట్టారు. పాటించిన అధ్యాయానికి పచ్చచుక్క, పాటించనిదానికి ఎర్రచుక్క. 'మాకు వర్తించదు' అని నొక్కడానికి మాత్రం ఎక్కడా మీట లేదు. కాబట్టి నానక్‌రామ్‌గూడలో కూడా మంచు పడినట్టే లెక్క.

మా ఫెసిలిటీస్ మేనేజరుది గోదావరి వైపు. మెత్తని మనిషి, చెడ్డవాడు కాదు. లోకంలో ప్రతి కష్టానికీ ఒక స్టిక్కరుందని నమ్ముతాడు. మెట్లకి 'మెట్లు జాగ్రత్త', తలుపుకి 'తలుపు జాగ్రత్త', వేడినీళ్ళ కుళాయికి 'వేడి జాగ్రత్త'. ఆయన నా సీటు దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పేరుకేనండీ మేడం గారూ. మంచు పడదు కదండీ, మీకు పనేముంటుందండీ?"

"పడనప్పుడు ఇన్‌ఛార్జి ఎందుకు?"

"పచ్చ రావాలి కదండీ."

దారుల మీద చల్లడానికి ఉప్పు సిద్ధంగా ఉంచాలని కూడా నియమావళిలో ఉంది. ఆయన శేరిలింగంపల్లి నుంచి ఒక కల్లుప్పు బస్తా తెప్పించి, పార్కింగులో నిలబెట్టి, ఫొటో తీసి పైకి పంపాడు. పచ్చ వచ్చింది. ఫొటో అయిపోయాక బస్తా క్యాంటీనుకి పోయింది. ఆవకాయల కాలం కదా, వాళ్ళూ ఊరికే వదల్లేదు.

నన్నే ఎందుకు వేశారంటే, సేఫ్టీ కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలట. "ఆవిడ ఎలాగూ పోట్లాడుతుంది, ఆ పోట్లాడేదేదో కమిటీలోనే పోట్లాడనివ్వండి" అని మా డైరెక్టరు అన్నాడని తెలిసింది. నాకేం కోపం రాలేదు. ఆ ఆఫీసులో నా గురించి ఎవరైనా సరిగ్గా అర్థం చేసుకుని మాట్లాడింది అదే మొదటిసారి.

నాకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఏ సాఫ్ట్‌వేరుని ఎలా వాడాలో పుస్తకాలు రాసే ఉద్యోగం నాది. ఆ పుస్తకాలు ఎవరూ చదవరు. ఆ బాధ తెలిసినదాన్ని కాబట్టి ఎదుటివాళ్ళు రాసింది చివరిదాకా చదువుతాను. ఆదివారం చర్చిలో ప్రసంగం కూడా అంత శ్రద్ధగా విననేమో, ఆ నియమావళిని మాత్రం అట్ట నుంచి అట్టదాకా చదివాను. మొదట్లోనే ఒక మాట ఉంది. నియమావళి అంటే చట్టం కాదు, దీన్ని ఉన్నదున్నట్టు పాటించి తీరాలని లేదు. కానీ పాటించకపోతే, దానికి సరిసమానమైన మేలు ఇంకో దారిలో చేశామని చూపించాలి. మా కమిటీవాళ్ళకి ఇందులో మొదటి సగమే వినిపించింది. "కంపల్సరీ కాదు" అని వాళ్ళు ఊపిరి పీల్చుకుని సమోసాలు అందుకున్నారు.

ఇక మెట్ల సంగతి చెప్పాలి.

మా ఆఫీసు అంతస్తుల మధ్య, అగ్నిప్రమాదం జరిగితే దిగిపోవడానికి, వెనకవైపు మెట్లున్నాయి. లిఫ్టు కోసం మెడ పైకెత్తి నిలబడే ఓపిక నాకు లేదు కాబట్టి ఆ మెట్లే వాడతాను. ఒకరోజు భోజనాల వేళ దిగుతుంటే మెట్ల మలుపు దగ్గర హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు పేపర్లు పరుచుకుని డబ్బాలు విప్పుకుంటున్నారు. వాళ్ళు కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు పంపినవాళ్ళు. మా భాషలో కాంట్రాక్టరుని వెండరు అంటే మర్యాద. వాళ్ళ మెడలో వేలాడే కార్డు గీస్తే ప్రతి ఫ్లోరు తలుపూ తెరుచుకుంటుంది. సర్వర్ల గది కూడా తెరుచుకుంటుంది. క్యాంటీను తలుపు మాత్రం ఎర్రగా మెరిసి కీచుమంటుంది.

వాళ్ళలో పెద్దామెది పాలమూరు వైపు. గోపన్‌పల్లిలో కిరాయికుంటుంది. పొద్దున్నే షేర్ ఆటోలో వస్తుంది. మోకాళ్ళ నొప్పులు, పైగా షుగరు. వేళకి ఇంత తినకపోతే కళ్ళు తిరుగుతాయి. తిన్నాక కాసేపు కాళ్ళు చాపకపోతే మధ్యాహ్నం తుడుపుకర్ర పట్టుకోలేదు. ఆ మెట్ల మలుపు ఆమెకి అన్నం తినే చోటు, కాళ్ళు చాపే చోటు. ఇంత పెద్ద అద్దాల మేడలో ఆమెకి ఉన్నది ఆ నాలుగు అడుగుల జాగానే.

"కూసో మేడమ్," అంది నన్ను చూసి. "గీడ ఎవరూ మీటింగ్ వెట్టరు."

కూర్చున్నాను. "ఏం కూర?"

"పుంటికూర."

"గోంగూరేగా?"

"మీ గుంటూరోళ్ళకు గోంగూర. మాకు పుంటికూర. నోట్లె వెట్టుకున్నంక రెండొకటే. తిను."

నాది గుంటూరు వైపని ఎలా తెలిసిందని అడిగాను. "నువ్వు ఫోన్ల కొట్లాడుతుంటే ఫ్లోరంత ఇనవడ్తది" అంది. అప్పటి నుంచి వారానికి రెండుమూడుసార్లు నా భోజనం అక్కడే.

జూన్‌లో హెడ్డాఫీసు వాళ్ళు వీడియోలో ఆడిట్ చేస్తారని కబురొచ్చింది. దానికి సన్నాహంగా మేనేజరు ఒక సేఫ్టీ కన్సల్టెంటుని పిలిపించాడు. ఆ కుర్రాయన ప్రతి రెండో మాటకీ 'బెస్ట్ ప్రాక్టీస్' అంటాడు. రెండు మాటల మధ్య టై సర్దుకుంటాడు. రాగానే అగ్నిప్రమాదం కసరత్తు పెట్టించాడు. సైరన్ మోగింది. మావాళ్ళు ప్రాణాలకన్నా ముందు ల్యాప్‌టాప్‌లూ, ఛార్జర్లూ, సగం తాగిన కాఫీలూ పట్టుకుని మెట్ల వైపు నడిచారు. ఎంత త్వరగా దిగితే అంత మంచి మార్కులు. అందుకని హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళని సెక్యూరిటీ అతను పక్కకు ఆపి, మెట్ల మీద అడ్డం రాకుండా సామాన్ల లిఫ్టులో కిందికి పంపించాడు.

నేను కన్సల్టెంటుని పట్టుకున్నాను. "మంటలప్పుడు లిఫ్టు వాడకూడదని మీ స్టిక్కరే అంటోంది. చూశారా?"

"అది ఎంప్లాయీస్‌కి మేడమ్. వాళ్ళు మన స్కోప్‌లో లేరు."

"ఆ సంగతి మంటకి చెప్పారా?"

ఆయన టై సర్దుకున్నాడు. కింద అందరూ ఎండలో బారులు తీరి లెక్కకి నిలబడితే, ఆ ఆడవాళ్ళు లెక్కలో లేరు కాబట్టి నీడకి పోయి నిలబడ్డారు. స్కోప్‌లో లేకపోవడం వల్ల వాళ్ళకి దక్కిన సుఖం అదొక్కటే.

మర్నాడు కన్సల్టెంటు నివేదిక వచ్చింది. 'అత్యవసర మెట్లపై అడ్డంకులు: వార్తాపత్రికలు, స్టీలు డబ్బాలు, మనుషులు.' ఆ వరసలోనే. సాయంత్రానికి మెట్ల మలుపులో 'ఇక్కడ కూర్చోరాదు' అని స్టిక్కరు వెలిసింది.

నేను అడ్డదిడ్డంగా వాదించే మనిషిని కాదు. మెట్లు ఖాళీగా ఉండాలనడం నూటికి నూరుపాళ్ళు సబబు. పొగ కమ్మినప్పుడు చీకట్లో డబ్బాలు తన్నుకుని పడితే ఎవరికీ మంచిది కాదు. ఆ వాక్యంతో నాకు పేచీ లేదు. దాని తర్వాత రావాల్సిన వాక్యం రాలేదు, పేచీ అక్కడ. మెట్ల మీద కాకపోతే ఎక్కడ? అదెవరూ రాయలేదు.

రెండు రోజులు వాళ్ళు కనిపించలేదు. మూడోనాడు వెతుక్కుంటూ వెళితే బాత్‌రూముల పక్కనున్న సామాన్ల గది తలుపు సందులోంచి మాటలు వినిపించాయి. తీసి చూశాను. బారెడు గది. ఒకపక్క ఫినాయిలు క్యాన్లు, ఇంకోపక్క కొక్కేలకి తడి తుడుపుకర్రలు. వంతులవారీగా నిలబడి తింటున్నారు. పెద్దామె ఒక్కతే బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒళ్ళో డబ్బా పెట్టుకుంది. కాళ్ళు చాపే వీల్లేక ముడుచుకుంది. మే నెలలో ఒంటి మీద స్వెటరు.

"ఇక్కడ తింటున్నారా?"

"మరేడ తినాలె? రోడ్డు మీద తింటే కంపిన్కి ఇజ్జత్ పోతదంట, గేటుకాడ తిననియ్యరు. తలుపు జర దగ్గరికెయ్యి మేడమ్, ఏసీ గాలి కొడ్తున్నది. పొద్దటి సంది ఆ చల్లగాలి కింద తుడిచి తుడిచి మోకాళ్ళు బిగవట్టినయ్."

తలుపు దగ్గరికేశాను. ఫినాయిలు వాసనలో పప్పన్నం వాసన కలిసింది. మీలో ఎవరైనా ఆ రెండూ కలిపి పీల్చి ఉంటే మళ్ళీ చెప్పక్కర్లేదు.

కమిటీ మీటింగులో నేను మొదలుపెట్టకముందే మేనేజరు మొహం వాడిపోయింది.

"వాళ్ళు మన మనుషులు కాదండీ మేడం గారూ. వెండరు మనుషులండీ."

"వాళ్ళు కడిగే బాత్‌రూములు ఎవరివి? వెండరు ఇంట్లోవా?"

"మీరలా అంటే ఎలాగండీ..."

"ఎలా అంటే బాగుంటుందో చెప్పండి, అలాగే అంటాను."

కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకి కనీస సౌకర్యాలు అసలు యజమానే చూడాలని మన దేశపు చట్టంలోనే ఉందని చెప్పాను. కన్సల్టెంటు నవ్వి, "అది ఇంటర్‌ప్రెటేషన్ మేడమ్. వెల్ఫేర్ చాప్టర్ మనకి ఆల్రెడీ గ్రీన్. క్యాంటీన్ ఉంది. క్లోజ్డ్" అన్నాడు. ఉంది, నిజమే. వాళ్ళకి తలుపు తెరుచుకోదు, అంతే. పోనీ ఆ కార్డుకి క్యాంటీను తెరవమన్నాను. "ఎంప్లాయీస్ కంఫర్టబుల్‌గా ఫీలవరు" అన్నారు. ఏ ఎంప్లాయీని అడిగారో చెప్పలేదు. చివరికి మేనేజరు దయతలచి, కింద సెల్లారులో జనరేటరు పక్కన కాస్త జాగా ఉందన్నాడు. వెళ్ళి చూశాను. డీజిల్ పొగ, చెవులు పగిలే మోత. అక్కడ కూర్చుని తింటే అన్నం నోట్లోకి పోయిందో చెవిలోకి పోయిందో తెలియదు.

మళ్ళీ పైకొచ్చి కూర్చున్నాను. "సరే, వెల్ఫేర్ అధ్యాయం మీది. దాని జోలికి నేను రాను. మంచుతో కలిపి ఉన్న చలి అధ్యాయం ఎవరిది?"

"మీదేనండీ," అన్నాడు మేనేజరు అమాయకంగా.

"అయితే వినండి. చల్లని చోట పనిచేసేవాళ్ళకి వెచ్చగా కూర్చునే చోటు ఉండాలి. వేడిగా తాగడానికి ఏదన్నా, కూర్చుని తినడానికి వీలూ ఉండాలి. ఇది ఇందులోనే ఉంది. ఆ చలి ఆకాశంలోంచే పడాలని ఎక్కడా రాయలేదు. మన ఫ్లోర్లలో ఏసీ పద్దెనిమిది. మన పిల్లలు మే నెలలో టోపీల చొక్కాలేసుకుని పనిచేస్తున్నారు. వాళ్ళయితే కూర్చునేవుంటారు. ఆ ఆడవాళ్ళు తడిచేతులతో రోజంతా ఆ గాలి కిందే ఉంటారు. ఏసీ తగ్గించండి, లేదా గది ఇవ్వండి."

ఏసీ అనగానే అందరూ డైరెక్టరు గది వైపు చూశారు. మా డైరెక్టరుకి ఉక్కపోత. ఆయన చెమట పట్టకుండా ఉండటం మా బ్రాంచి మొదటి ఆశయం.

"ఏసీ జోలికి వద్దండీ మేడం గారూ, మీకు పుణ్యముంటుంది."

"అయితే గది."

"ఈ పాయింట్ పార్క్ చేద్దాం," అన్నాడు కన్సల్టెంటు. పార్కు చేసిన మాటలన్నీ మా సెల్లారులోనే ఎక్కడో ఉండుంటాయి, ఒక్కటీ మళ్ళీ బయటికి తీసినట్టు చూడలేదు.

ఆడిట్ ముందురోజు మాకు రిహార్సల్ పెట్టారు. ఏమడిగినా 'ఇన్ ప్లేస్', అంటే అన్నీ అమర్చి ఉన్నాయి, అనాలి. వేరే మాట అనకూడదు. నేను ఆ సాయంత్రం పెద్దామె దగ్గరికి వెళ్ళి, రేపు ఈ విషయం ఎత్తుతున్నానని చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"నువ్వు కొట్లాడుడు మంచిదే మేడమ్. రేపు ఆ వెండరు మమ్మల్నే తీసేస్తె? నీ ఉద్యోగం నీకుంటది. మాది?"

ఎత్తొద్దంటే ఎత్తనన్నాను. ఆమె బకెట్టు మీద నుంచి లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుంది. కాసేపు ఆ మోకాలు రుద్దుకుంది.

"ఎత్తు," అంది. "గని మా పేరు జెప్పకు. బకెట్టు పేరు జెప్పు."

ఆడిట్ రోజున తెర మీద కనిపించినావిడ నా ఈడుదే. వాళ్ళ దేశంలో కూడా అప్పుడు ఎండాకాలమేనట, అయినా స్వెటరు వేసుకుంది. అధ్యాయం తర్వాత అధ్యాయం అడిగింది. మావాళ్ళు 'ఇన్ ప్లేస్' అంటూ పోయారు. చలి అధ్యాయం రాగానే ఆవిడకే నవ్వొచ్చింది. హైదరాబాదులో మంచు పడుతుందా అని అడిగింది.

"పడదు. కానీ చలి ఉంది. లోపల. మేమే తయారుచేసుకుంటాం," అని ఏసీ సంగతీ, దాని కింద పనిచేసేవాళ్ళ సంగతీ చెప్పాను.

ఆవిడ నవ్వు ఆపి, "వాళ్ళు కూర్చుని తినేదెక్కడ?" అని అడిగింది.

నా తెర మూలన మేనేజరు పంపిన సందేశం మెరిసింది: 'మేడం గారూ ప్లీజ్ అండీ.' ఆయన మీద జాలేసింది. అయినా చెప్పాను.

"ప్రస్తుతానికి ఫినాయిలు గదిలో. బోర్లించిన బకెట్టు మీద."

సరిగ్గా ఆ క్షణానే, తన ఆఫీసు నుంచి వీడియోలో కలిసిన కన్సల్టెంటుగారి నెట్‌వర్కు పోయింది. మళ్ళీ ఆ రోజుకి రాలేదు. ఆవిడ గొంతేమీ పెంచకుండా, ఆ గది ఒకసారి చూపించమంది. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వెళ్ళాను. వెనకాల మేనేజరు. భోజనాల వేళ కాదు కాబట్టి లోపల ఎవరూ లేరు. క్యాన్లు, కర్రలు, బకెట్టు, దాని పక్కన మడిచి పెట్టిన పేపరు. అంతే. అక్కడ ఎవరు తింటారని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మెట్ల మీంచి వాళ్ళను ఎందుకు తీసేశారని మాత్రం అడిగింది. మేనేజరు నియమావళి ప్రకారమే తీసేశామన్నాడు. అది సరైన పనే, కానీ వాళ్ళను పంపిన చోటు సరైనది కాదని చెప్పి, చలి అధ్యాయానికీ, వెల్ఫేర్ అధ్యాయానికీ రెండింటికీ ఎర్రచుక్కలు పెట్టింది.

మనుషులు నిలబడి తిన్నన్నాళ్ళూ కదలని ఆఫీసు ఆ చుక్కలు చూసి పరుగులు పెట్టింది. మా డైరెక్టరు తన గది వదిలి మేనేజరు సీటు దాకా నడిచి వచ్చాడు. ఆయనకి కాళ్ళున్నాయని కొత్తగా చేరినవాళ్ళకి అప్పుడే తెలిసింది. మధ్యాహ్నానికల్లా నాలుగో అంతస్తులో గది దొరికింది. దాని పేరు ఐడియాల గది. అక్కడ ఒక్క ఐడియా కూడా పుట్టినట్టు దాఖలా లేదు. నైట్ షిఫ్టు పిల్లలు వచ్చి నిద్రపోయేవాళ్ళు, పాపం. గోడకి కెటిల్ పెట్టారు, ఏసీ కట్టేశారు, కాంట్రాక్టు కార్డుకి తలుపు తెరుచుకునేలా చేశారు. వెండరుని పిలిచి, ఆ చుక్కలు పచ్చబడేదాకా ఒక్క మనిషిని కూడా మార్చొద్దని డైరెక్టరే చెప్పాడట. చుక్కల భయం మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

కుర్చీలు మాత్రం లేవు. రంగురంగుల బీన్ బ్యాగులు ఉన్నాయి. పెద్దామె ఒకదాని మీద కూర్చోగానే నడుందాకా దిగిపోయింది. ఇద్దరు చెరో చెయ్యీ పట్టి లాగితే గానీ పైకి రాలేదు.

"గిదేంది మేడమ్, పిండి బస్తల వడ్డట్టున్నది! ఇగ రోజు లేవనీకి క్రేన్ దెప్పియ్యాలె."

మేనేజరుకి ఫోన్ చేశాను. "నియమావళిలో కూర్చునే వసతి అనే ఉందండీ. అది కూర్చునేదే కదండీ" అన్నాడు. 'వీపు ఆనే కుర్చీలు' అన్న వాక్యం ఏ పేజీలో ఉందో చదివి వినిపించాను. "మీరు మొత్తం చదివారాండీ?" అన్నాడు, ఏదో దుర్వార్త విన్నట్టు. మర్నాడు పొద్దున్నే కుర్చీలు వచ్చాయి. కాళ్ళు పెట్టుకోవడానికి ఒక స్టూలు కూడా వచ్చింది. అది నియమావళిలో లేదు, ఆయనే వేయించాడు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాను.

ఆ మధ్యాహ్నం నన్ను కూడా పిలిచారు. పెద్దామె కుర్చీలో వెనక్కి ఆని, స్టూలు మీద రెండు కాళ్ళూ చాపి, డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. జొన్నరొట్టె మీద పుంటికూర వేసి నాకిచ్చింది. రెండు ముద్దలు పడ్డాయో లేదో మేనేజరు ఫోను పట్టుకుని తలుపు తీశాడు.

"ఒక్క ఫొటో అండీ. అందరూ డబ్బాలు కొంచెం పైకెత్తి పట్టుకుని, ఇటు చూసి నవ్వండీ. పైకి పంపిస్తే పచ్చ వచ్చేస్తుందండీ."

చిన్నవాళ్ళు ఇద్దరు డబ్బాలు ఎత్తబోయారు. పెద్దామె చెయ్యి అడ్డం పెట్టింది.

"తినేటప్పుడు ఫొటో ఏంది సార్? కడుపుల వడ్డది అరగది. జర బయట నిలవడు, తిన్నంక పిలుస్తం."

"రెండు నిమిషాలేనండీ..."

"మేము ఇన్ని దినాలు నిలవడి తినలేదా సార్? నువ్వు ఉత్తగ నిలవడనీకే పరేషాన్ అయితవేంది?"

ఆయన నావైపు చూశాడు. నేను రొట్టె తుంచుకుంటున్నాను. తలుపు మెల్లగా మూసి, అద్దానికి అవతల ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దామె సంచిలోంచి రసం మామిడిపళ్ళు తీసి తలా ఒకటి పంచింది. షుగరు సంగతేమిటని నేను నోరు తెరిస్తే నా చేతిలో పెద్దది పెట్టి ఆ నోరు మూయించింది. తర్వాత స్టూలు మీద కాళ్ళు సర్దుకుని, తన పండుని రెండు అరచేతుల మధ్య తీరిగ్గా, మెత్తగా పిసకడం మొదలుపెట్టింది.